టెక్ సందేహాలు: మూడు నెలల్లో మూడు బెల్టులు

ఈ శీర్షికకు ఎక్కువగా ఫోన్ల మీద, ల్యాప్‌టాప్‌ల మీద ప్రశ్నలు వస్తాయి. ఈసారి ట్రాక్టర్ వెనక కట్టే గడ్డికోత మిషన్ గురించి ఒక రైతు రాశారు. దానికి దగ్గరి సందేహాలు ఇంకో మూడు ఉన్నాయి. చోటంతా వాటికే ఇస్తున్నాను.

ప్రశ్న: మాది గుర్రంపోడు దగ్గర. ఆరెకరాల బత్తాయి తోట ఉంది. హైదరాబాద్ శివారులో ఒక ఫామ్‌హౌస్‌లో వాడిన ఐదడుగుల ఫినిష్ మోవర్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. గడ్డి బాగానే కోస్తోంది కానీ మూడు నెలల్లో మూడు బెల్టులు తెగాయి. ముందు కీచుమని అరుస్తుంది, తర్వాత రబ్బరు కాలిన వాసన, ఆ తర్వాత తెగుతుంది. గట్టి బెల్టు ఏ కంపెనీదో చెప్పండి సార్.

జవాబు: కంపెనీ పేరు చెప్పడం తేలికే. కానీ నాలుగో బెల్టు వేసినా ఇదే జరుగుతుంది, మళ్లీ మీ డబ్బే పోతుంది. ఒక్కటి తెగితే బెల్టును అనుమానించవచ్చు. వరుసగా మూడు, అదీ అరిచి, కాలి తెగాయంటే బెల్టు తిరిగే దారిలో ఏదో పట్టేస్తోంది. ముందు దాన్ని వెతకాలి.

ట్రాక్టర్ పీటీవో, అంటే ఇంజిన్ శక్తిని వెనక కట్టిన మిషన్‌కు అందించే షాఫ్టు, నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది. ఆ వేగం గేర్‌బాక్స్‌లో పెరిగి పెద్ద పుల్లీకి చేరుతుంది. అక్కడి నుంచి చాలా మోడళ్లలో ఒకే పొడవాటి వి బెల్టు మూడు బ్లేడ్ల స్పిండిళ్లనూ (బ్లేడు బిగించిన ఇరుసులను) తిప్పుతుంది. అది వదులు కాకుండా స్ప్రింగు కట్టిన టెన్షన్ పుల్లీ నొక్కి పట్టుకుంటుంది. బ్లేడు కొస వేగం గంటకు 300 కిలోమీటర్లకు దగ్గరగా ఉంటుంది. ఆ భారమంతా 17 మిల్లీమీటర్ల వెడల్పున్న ఒక్క బెల్టే మోస్తుంది.

మూత విప్పే ముందు ఇంజిన్ ఆపి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. మోవర్ కింద గట్టి చెక్క దిమ్మలు పెట్టండి. హైడ్రాలిక్ లిఫ్టును నమ్మి ఎవరూ దాని కిందికి దూరవద్దు. పీటీవో షాఫ్టు సెకనుకు తొమ్మిది చుట్లు తిరుగుతుంది. రుమాలు కొస గానీ లుంగీ అంచు గానీ అందుకుందంటే అరిచే వ్యవధి కూడా ఉండదు. షాఫ్టు మీది ప్లాస్టిక్ గొట్టం పగిలి ఉంటే బెల్టు కన్నా ముందు దాన్ని మార్చండి.

ఇప్పుడు బెల్టు తీసేసి మూడు స్పిండిళ్లనూ, టెన్షన్ పుల్లీనీ ఒక్కొక్కటిగా చేత్తో తిప్పి చూడండి. నా మొదటి అనుమానం టెన్షన్ పుల్లీ బేరింగ్ మీదే. లోపల ఇసుక పడ్డట్టు గరగరమన్నా, ఆగి ఆగి తిరిగినా అది పోయినట్టే. పుల్లీ సరిగా తిరగకపోతే బెల్టు దాని మీద రాసుకుంటూ వెళ్తుంది, కాలిన వాసన అక్కడిదే. బేరింగ్ మీద 6203, 6204 లాంటి నంబరు చెక్కి ఉంటుంది. కొనేటప్పుడు ఆ నంబరు పక్కన 2ఆర్‌ఎస్ అని ఉన్నదే అడగండి, అంటే రెండు వైపులా రబ్బరు సీలు ఉన్నట్టు. రేకు మూత ఉన్నవీ దొరుకుతాయి గానీ, మన చల్కా నేలల ఎర్ర దుమ్ములో అవి ఎక్కువ కాలం నిలవవు.

తర్వాత స్పిండిళ్లు. మీది బత్తాయి తోట కాబట్టి డ్రిప్ పైపులు ఉండే ఉంటాయి. తెగిన లాటరల్ ముక్కలు, ప్లాస్టిక్ తాళ్లు బ్లేడు పైభాగాన చుట్టుకుని సీలును కోసేస్తాయి. కింద నుంచి చూస్తే తప్ప కనపడవు. బ్లేడు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. కొంచెం ఆడినా బేరింగ్ మార్చాల్సిందే. గ్రీజు నిపుల్ ఉంటే కొట్టండి, కానీ బయటికి పొంగేదాకా కొట్టవద్దు. పొంగిన గ్రీజు బెల్టు మీద పడితే రబ్బరు మెత్తబడి జారుతుంది.

ఫామ్‌హౌస్ మిషన్ అంటున్నారు కాబట్టి పుల్లీల గాడినీ చూడండి. అలాంటి మిషన్లు వారానికి ఒక గంట నడిచి మిగతా రోజులు ఊరికే నిలబడి ఉంటాయి. గాడిలో తుప్పు పడితే అది గరుకు కాగితంలా బెల్టును అరగదీస్తుంది. వి బెల్టు పట్టు దాని పక్కగోడల్లో ఉంటుంది, అడుగున ఉండదు. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే గోడలు అరిగి బెల్టు కిందికి దిగిపోయిందని అర్థం. కొత్త బెల్టు ముక్క గాడిలో పెట్టి చూడండి. దాని పైఅంచు పుల్లీ అంచుకు సమంగా గానీ, కాస్త పైన గానీ ఉండాలి. లోపలికి మునిగితే పుల్లీ మార్చండి. ఖర్చని వాయిదా వేస్తే ఆ ఖర్చు బెల్టుల రూపంలో పెట్టాల్సి వస్తుంది.

టెన్షన్ పుల్లీ చెయ్యి తుప్పుతో బిగుసుకుపోతే స్ప్రింగు ఎంత లాగినా అది కదలదు. స్ప్రింగును విడిగా తీసినప్పుడు చుట్లు ఒకదానికొకటి ఆనుకోకుండా సందులు కనిపిస్తే అది సాగిపోయింది, మార్చాలి. చివరగా పుల్లీల అంచుల మీదుగా ఒక దారం బిగించి పట్టండి. అన్ని అంచులకూ దారం తగలాలి. ఎక్కడైనా సందు ఉంటే ఆ పుల్లీ వరసలో లేదు, బెల్టు మెలితిరిగి తెగడానికి అదొక పెద్ద కారణం. గేర్‌బాక్స్ కింద నూనె చెమ్మ ఉంటే పైన గాలి రంధ్రం మూసుకుపోయిందేమో చూడండి. లోపలి ఒత్తిడికి సీలు దాటి నూనె నేరుగా బెల్టు మీదికే వస్తుంది.

ఇవన్నీ సరిచేశాకే బెల్టు సంగతి. దుకాణంలో అదే నంబరు అని గిర్నీకి వాడే మామూలు బెల్టు ఇస్తారు. ఈ మిషన్లో చాలాచోట్ల టెన్షన్ పుల్లీ బెల్టును వీపు వైపు నుంచి నొక్కి ఎదురు దిక్కుకు వంచుతుంది. ఆ వంపు తట్టుకోవడానికి లోపల కెవ్లార్ లాంటి దారాలు, పైన గుడ్డ తొడుగు ఉన్న మోవర్ బెల్టే కావాలి. ధర ఎక్కువైనా అదే తీసుకోండి. ఎక్కించేటప్పుడు స్క్రూడ్రైవర్ పెట్టి తోయవద్దు. అలా చేస్తే లోపల ఒక దారం తెగుతుంది, బయటికి ఏమీ కనపడదు, వారం తర్వాత బెల్టు తిరగబడి తెగుతుంది. టెన్షన్ చెయ్యి వెనక్కి లాగి వదులు చేసి, బెల్టును వేళ్లతోనే కూర్చోబెట్టండి.

పీటీవోను ఇంజిన్ నెమ్మదిగా ఉన్నప్పుడే వేసి, తర్వాత వేగం పెంచండి. గడ్డి దట్టంగా ఉంటే గేరు తగ్గించండి, యాక్సిలరేటర్ తగ్గించవద్దు. పాత గిర్నీల్లో పటా బెల్టులకు గుగ్గిలం పొడి చల్లేవాళ్లు. అది చూసి వి బెల్టుకు కూడా గుగ్గిలమో సబ్బో రాస్తుంటారు. అరుపు కాసేపు ఆగుతుంది, దుమ్ము అంటుకుని గాడీ బెల్టూ రెండూ పాడవుతాయి. దయచేసి రాయవద్దు.

మీరు గడ్డిని దున్నేయకుండా కోయడం మాత్రం మంచి పని. బత్తాయి ఆహారం తీసుకునే వేర్లు పైపైనే ఉంటాయి, మాటిమాటికీ రోటవేటర్ వేస్తే అవి తెగిపోతాయి.

ప్రశ్న: కొల్లాపూర్‌లో మామిడి తోట. వానాకాలంలో నడుమెత్తు గడ్డి, వయ్యారిభామ పెరుగుతాయి. ఫినిష్ మోవర్ కొంటే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అది పచ్చికను సమంగా కత్తిరించే మిషన్. జానెడు గడ్డి వరకు దానికి పని, నడుమెత్తు కలుపులో వేస్తే బెల్టు కాలుతుంది. మీకు కావలసింది స్లాషర్ రకం రోటరీ కట్టర్. అందులో బెల్టు ఉండదు, బ్లేడ్లు బోల్టు మీద ఊగుతూ రాయి తగిలితే వెనక్కి మడుస్తాయి. ఏదైనా సరే, నడిచేటప్పుడు వెనకా పక్కలా మనుషులు, పశువులు లేకుండా చూసుకోండి. రాయి తూటాలా వస్తుంది.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో మా ఫంక్షన్ హాల్ లాన్‌కు చిన్న పాత ట్రాక్టర్, మోవర్ వాడుతున్నాం. క్లచ్ తొక్కినా బండి ఆగకుండా ముందుకు పోతోంది. క్లచ్ ప్లేట్ పోయిందా?

జవాబు: ప్లేట్ మార్చే ముందు ఒకటి ఆలోచించండి. సింగిల్ క్లచ్ ట్రాక్టర్లు కొన్నింటిలో పీటీవో, చక్రాలు గేర్‌బాక్స్ లోపల కలిసే ఉంటాయి. క్లచ్ తొక్కి ఇంజిన్‌ను విడదీసినా, వేగంగా తిరుగుతున్న బ్లేడ్ల బరువు పీటీవో ద్వారా చక్రాలను తోస్తుంది. మోవర్ విప్పేసి నడిపి చూడండి. అప్పుడు బండి మామూలుగా ఆగితే కారణం అదే. పీటీవోకు ఓవర్‌రన్నింగ్ క్లచ్ అనే చిన్న భాగం బిగిస్తే ఇంజిన్ నుంచి మోవర్‌కే శక్తి వెళ్తుంది, వెనక్కి రాదు. దాన్ని వేస్తే పొడవు పెరుగుతుంది కాబట్టి షాఫ్టును కొలిపించి, అవసరమైతే కోయించాలి. ఇది బిగించేదాకా గోడల దగ్గర, జనం దగ్గర ఆ బండి నడపవద్దు.

ప్రశ్న: బెల్టు టెన్షన్‌ను శబ్దంతో కొలిచే యాప్‌లు ఉన్నాయట. మోవర్‌కు పనికొస్తాయా? మా బెల్టు మీద నంబరు కూడా చెరిగిపోయింది. (మిర్యాలగూడ)

జవాబు: పద్ధతి నిజమైనదే. ఇంజిన్ ఆపి బెల్టును వీణ తీగలా మీటితే అది ఎంత బిగువుగా ఉంటే అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీతో మోగుతుంది. ఫ్యాక్టరీల్లో అలా కొలిచే మీటర్లున్నాయి. ఇబ్బంది ఏమిటంటే, రెండు పుల్లీల మధ్య 60 సెంటీమీటర్ల దూరం, మీటరుకు 190 గ్రాముల బెల్టు, 25 కిలోల బిగువు అనుకుంటే వచ్చే ధ్వని 30 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. అంత మందమైన ధ్వనిని ఫోన్ మైకు సరిగా పట్టలేదు. అందుకని సామాన్లు తూచే కొక్కెం తూకం వాడండి. బెల్టు మధ్యలో తగిలించి రెండు మూడు కిలోల బలంతో లాగితే, 60 సెంటీమీటర్ల దూరానికి ఒక సెంటీమీటరు వంగితే చాలు. స్ప్రింగు టెన్షన్ ఉన్న మిషన్లో ఇదీ అక్కర్లేదు, స్ప్రింగు బాగుంటే బిగువు దానంతట అదే ఉంటుంది.

ఫోన్‌ను ఇంకో పనికి వాడండి. బెల్టు తీసే ముందు దాని దారి మొత్తం రెండు మూడు కోణాల్లో ఫొటో తీయండి. గేర్‌బాక్స్ మీది, మోవర్ మీది నంబరు ప్లేట్లు కూడా తీయండి. మోడల్ నంబరుతో వెతికితే చాలా మిషన్ల విడిభాగాల పుస్తకం దొరుకుతుంది, అందులో బెల్టు నంబరు ఉంటుంది. దొరకకపోతే టెన్షన్ పుల్లీని దాని కదలికలో మధ్యన నిలిపి, బెల్టు దారి వెంట సాగని తాడు చుట్టి కొలవండి. పాత బెల్టును కొలవవద్దు, అది సాగి ఉంటుంది. ఇక్కడ చాలామంది పొరబడతారు. బి 93 అంటే లోపలి చుట్టుకొలత 93 అంగుళాలు. విదేశీ మిషన్ల మీద కనిపించే 5ఎల్ 960 అంటే బయటి చుట్టుకొలత 96 అంగుళాలు. రెండూ ఇంచుమించు ఒకే కొలత. 960 చూసి బి 96 కొంటే మూడు అంగుళాలు వదులవుతుంది, మొదటి రోజే అరుస్తుంది.