బియ్యం అన్న ఒక్క మాట పట్టుకుని నేను చేసిన దుబాసీతనం

"అంతర్జాతీయ సంస్థల సాయంతో ఆదివాసీల చదువు, సంస్కృతి నిజంగా బాగుపడతాయా?" అని అడిగారు. బాగుపడవచ్చు. అయితే అదంతా ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ నడుమ నిలబడిన దుబాసీ చేతిలో ఉంటుంది. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఒకసారి ఆ దుబాసీని నేనే.

మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, గుణుపురం. మూడు తరాలుగా చింతపండు, కొండచీపుర్లు, అడ్డాకుల వ్యాపారం. మా తాత కుంచం కొలతలో ఎంత మిగుల్చుకునేవాడో ఇక్కడ రాయను. సంతలో సవర ఆదివాసీలతో బేరమాడడానికి అంకెలు, సరుకుల పేర్లు, "తగ్గించు" అనే మాట సవరలో నాకు బాగా వచ్చు. అదే సవర భాష అనుకుని చాలా ఏళ్ళు మురిసిపోయాను.

పదిహేనేళ్ళ కిందట పుట్టాసింగ్ దాటాక కొండ మీది ఊరికి ఒక ప్రాజెక్టు బృందం వచ్చింది. భోజనాల ఏర్పాటు నాది కాబట్టి నేనూ వెళ్ళాను. సవరలు ఇంటి గోడల మీద వేసే ఇడితాల్ బొమ్మలను గుడ్డ మీద వేయించి విదేశాల్లో అమ్మించాలని వాళ్ళ ఆలోచన. విదేశీ మేడమ్ ఇంగ్లీషులో అడిగితే, ఆఫీసరు ఒడియాలోకి మార్చేవాడు, ఒక మాస్టారు దాన్ని సవరలో చెప్పేవాడు. మా నెత్తి మీద మూరెడు పొడవు బ్యానరు. అందులో ఒక్క సవర మాట లేదు.

ఒక పెద్దావిడ లేచింది. పది నిమిషాలు మాట్లాడి ఉంటుంది. గాలిలో వేలితో ఏదో గీసింది, ఒకసారి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. మాస్టారు దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాడు: "సంతోషంగా వేస్తామంటున్నారు."

ఆవిడ మాటల్లో బియ్యం అన్న మాట నాకు రెండుసార్లు వినిపించింది. నోరు మూసుకుని వంట చూసుకోవచ్చు కదా! లేచి, "కాదండీ, బియ్యం అడుగుతోంది" అన్నాను. మేడమ్ నాకు చేయి కలిపింది. ఆఫీసరు రాసుకున్నాడు. రెండు నెలలకు ఆ ఊరికి బస్తాలు దిగాయి, వాటి పక్కన జనాన్ని నిలబెట్టి ఫోటోలు తీశారు.

ఆవిడ చెప్పిందేమిటో చాలా కాలానికి ఆ ఊరి కుర్రవాడు నాకు విప్పి చెప్పాడు. ఆ ఏడాదే ఆవిడ భర్త పోయాడట. లోపలి గోడకు ఎర్రమట్టి పూసి, బియ్యప్పిండి కలిపి, వెదురుపుల్లతో ఆయన కోసం బొమ్మ వేయించారట. ఆ బొమ్మే ఇప్పుడు ఆయనకు ఇల్లు. "ఆ ఇంటిని మడతపెట్టి ఎవరికి అమ్మమంటారు?" అని అడిగిందట.

బొమ్మలు అమ్మడం తప్పని నేననను. సవరల్లోనే వేసి అమ్ముకునేవారున్నారు. 2024లో లంజియా సవర (సవరల్లో ఒక తెగ) చిత్రాలకు భౌగోళిక గుర్తింపు (జి.ఐ. ట్యాగ్) కూడా వచ్చింది, మంచిదే. నా గొడవ అడిగిన తీరు మీద. 2007 సెప్టెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆదివాసీ ప్రజల హక్కుల ప్రకటనకు 144 దేశాలు ఓటేశాయి, మన దేశంతో సహా. ముందుగానే, బలవంతం లేకుండా, అన్నీ తెలియజేసి సమ్మతి తీసుకోవాలని అందులో ఉంది. తెలియజేయడం ఏ భాషలో? మా జిల్లాలోనూ పక్క కలహండిలోనూ పరుచుకున్న నియమగిరి కొండలున్నాయి కదా. 2013లో సుప్రీంకోర్టు అక్కడి గ్రామసభలను అడగమంటే, రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు గ్రామసభలూ బాక్సైటు తవ్వకం వద్దన్నాయి. ఆ కొండల ఆదివాసీలు డోంగ్రియా కొంధులు తమ ఊళ్ళో కూర్చుని చెప్పిన మాట కాబట్టే అది అంత సూటిగా ఉంది.

మన తెలుగువాళ్ళ సంగతీ చెప్పాలి. ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పటానికి దండ వేసి వాడుక భాష గురించి దంచేస్తాం. పర్లాకిమిడిలో సవరలను ఇంట్లో పెట్టుకుని ఆయన వాళ్ళ భాష నేర్చుకున్న సంగతి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువరించిన సంగతి ఎందరికి గుర్తు? ఆ పటం కిందే కూర్చుని "కొండవాళ్ళకు భాషేమిటి" అన్నవారిని నేను చూశాను.

అంతర్జాతీయ సహకారం అంటే నాకు నచ్చినది ఒక్కటుంది. 1936లో మంగేయి గొమాంగో సవరకు సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారుచేశారు. 2012లో దానికి యూనికోడ్‌లో, అంటే కంప్యూటర్లూ ఫోన్లూ అన్ని భాషల అక్షరాలనూ గుర్తుపట్టే అంతర్జాతీయ పట్టికలో, చోటు దొరికింది. జీపులు రాలేదు, బ్యానరు కట్టలేదు. మొన్న ఆ కుర్రవాడు తన పేరు ఆ అక్షరాల్లో ఫోనులో కొట్టి చూపించాడు.

ఇప్పుడు అతను బడిలో మాస్టారు. ఆదివారాలు మా కొట్టుకు వచ్చి నాకు సవర నేర్పుతున్నాడు. ఫీజు చెప్పగానే నాకు వచ్చిన నాలుగు సవర మాటలతో బేరం మొదలుపెట్టాను. నా ఉచ్చారణ దిద్దాడు గానీ రూపాయి తగ్గించలేదు.