కాళహస్తికి వెళ్తున్న చిన్నికి

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆఫీసులో మూడు నెలలు సెలవు పెట్టి శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకోబోతున్నావట. నలభై ఒక్కేళ్ళకి ఇదేం పని అని దానికి ఒకటే టెన్షన్. నాకూ నిద్ర పట్టలేదు గానీ కారణం అది కాదు. సంతోషంతో లేచి కూర్చున్నాను, తర్వాత భయమేసింది, అందుకే పొద్దున్నే ఇది రాస్తున్నాను.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తాను. పాత బట్టలే పట్టుకెళ్ళు, బెల్లం నీళ్ళలో తుప్పు ఇనుము నానబెట్టి చేసే ఆ నల్ల కసిమి మరక పడితే వదలదు. నడుముకి దిండు పెట్టుకో. మిట్టమధ్యాహ్నం ఎండలో తిరగకు, కాళహస్తి ఎండ నీకు తెలియదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు "ఎండిపోయాను పెద్దమ్మా, ఒక్క ఊహ కూడా రావట్లేదు" అన్నావు చూడు, ఆ మాట నన్ను పట్టుకుంది. పగలంతా కంప్యూటర్లో వేరేవాళ్ళు అడిగిన బొమ్మలే గీస్తుంటే ఎవరికైనా అంతే. క్లాసులో చేరితే చెయ్యి తిరుగుతుంది, నిజమే. కానీ నా మాట విని, అక్కడ అందరికంటే పెద్దావిడ ఎవరో చూసి ఆమె పక్కన కూర్చో. నేను ఆ పని చేయలేదు.

1988లో నాకు 31. తిరుపతి నుంచి రోజూ బస్సెక్కి కాళహస్తిలో ఒక గురువుగారి దగ్గరికి వెళ్ళేదాన్ని. మాతో ఒక అవ్వ ఉండేది, అరవై దాటిన మనిషి, పల్లె నుంచి వచ్చేది, గొంతు వీధి చివరికి వినిపించేది. గురువుగారు నమూనా ఇస్తే మేమంతా చింతపుల్లల బొగ్గుతో అచ్చం అలాగే దింపేవాళ్ళం. అవ్వ మాత్రం అశోకవనంలో సీతకి కళ్ళు దించలేదు, రావణుణ్ణి సూటిగా చూస్తున్నట్టు గీసింది. ఇలా ఉండదమ్మా అని ఆయనంటే, "భయపడేదయితే గడ్డిపోచ అడ్డం పెట్టుకుని వాడితో మాట్లాడుతుందా సామీ?" అంది. ఆయన ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం సిగ్గేసింది, ఈమె పక్కన కూర్చుంటే నన్నూ అలాగే అనుకుంటారేమోనని గోడ వైపు జరిగాను.

ఆ దసరాకి నేను చేసిన తప్పు చెప్తాను. సగం అయిన గుడ్డని ఇంటికి తెచ్చి చుట్టాలందరి ముందూ పరిచాను. కరక్కాయ, బర్రెపాలు పట్టించిన గుడ్డ ఎలా ఉంటుందో నీకు త్వరలోనే తెలుస్తుంది, వాసనా అంతే. నల్ల గీతలు పడ్డాయి, ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్ళు పెట్టాను. పటిక పెట్టిన చోట కంటికి దాదాపు ఏమీ కనిపించదు. దాన్ని ఆరనిచ్చి, పారే నీళ్ళలో జాడించి, మంజిష్ఠ లాంటి ఎర్ర రంగు వేళ్ళతో ఉడకబెడితే అప్పుడు పటిక ఉన్న చోట మాత్రమే రంగు పట్టి నిలుస్తుంది. ఇది మా ఇంట్లో ఎవరికి తెలుసు? ఒక పెద్దాయన చూసి, "ఇల్లు తుడిచే గుడ్డలా ఉంది, దీనికోసమా పిల్లల్ని వదిలేసి బస్సులెక్కుతున్నావు" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన మాట పెట్టిన బాధ ఎప్పుడో పోయింది గానీ వాళ్ళతో కలిసి నేను నవ్వడం మాత్రం ఇప్పటికీ నొప్పిగానే ఉంది. గుడ్డ మడిచి ట్రంకుపెట్టెలో పడేశాను, మళ్ళీ క్లాసుకి వెళ్ళలేదు.

రెండు వారాలయ్యాక అవ్వ అడ్రసు కనుక్కుని ఇంటికొచ్చింది. నేను తలుపు వెనక నిలబడి, అమ్మ ఊళ్ళో లేదని పెద్దాడితో చెప్పించాను. నా చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి, చూసే ఉంటుంది. "ఆ గుడ్డ ఇంకా ఉడకలేదని మీయమ్మతో చెప్పు నాయనా" అని, రెండు వెదురు కలాలు వాడి చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మళ్ళీ కలం పట్టింది 2013లో, 56 ఏళ్ళకి. పెట్టె తీస్తే గుడ్డ నల్ల గీతల వెంబడే చీలిపోయి ఉంది, కసిమిలోని ఇనుము బట్టని తినేస్తుంది. అవ్వ గురించి కాళహస్తిలో అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు.

వయసు గురించి మీ అమ్మ ఏమన్నా పట్టించుకోకు. 1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దూకిన కమలాదేవి చటోపాధ్యాయ యాభై దాటాక కూడా చేతిపనుల కోసం దేశమంతా తిరిగింది. కాళహస్తిలో ఈ కళ మళ్ళీ లేచి నిలబడిందంటే ఆమె పట్టుదల చాలా ఉంది. మధ్యప్రదేశ్‌లో జోధయ్యా బాయి బైగా కూలిపనులు చేసుకుంటూ బతికి, దాదాపు డెబ్బై ఏళ్ళ వయసులో కుంచె పట్టింది. 2023లో పద్మశ్రీ ఇచ్చారు. మనకి నలభై ఒకటి ఒక లెక్కా?

ఇన్‌స్టాగ్రామ్‌లో అప్పుడే పేజీ తెరిచావట, రోజూ ఫోటోలు పెడతావట. వద్దు. ఆ పేజీ ఇప్పుడే మూసెయ్. మన ఫ్యామిలీ గ్రూపులో అసలు పెట్టొద్దు, అందులో ఎవరెవరు ఉన్నారో నీకు తెలుసు. ఒక్కరు నవ్వే బొమ్మ పెట్టినా నువ్వు రాత్రంతా దాన్నే తలుచుకుంటావు, చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను కదా. ఒకటో తరగతిలో నీ ఏనుగుని ఎవరో పంది అన్నారని నా ఒళ్ళో పడుకుని ఏడ్చి నా చీర తడిపేశావు. కోపంగా రాశాననుకోకు తల్లీ.

అవ్వ ఇచ్చిన కలాల్లో ఒకటి విరిగింది. రెండోది బాగానే ఉంది, కొత్త దారం చుట్టి నీకు తెస్తాను. పటిక పెట్టాక తొందరపడకుండా ఒక రోజంతా ఆరనివ్వు. ఉడకబెట్టేది ఏ రోజో ముందే ఫోన్ చేసి చెప్పు, మొదటి బస్సుకి వచ్చేస్తాను. అండా కింద మంట నేను చూసుకుంటాను.

మీ పెద్దమ్మ