వదిన నడుము ఆపరేషన్ గురించి

చిన్నీ,

మీ అమ్మకి ఎల్4-ఎల్5 డిస్క్ (నడుములో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) ఆపరేషన్ అయ్యిందనీ, కాలి లాగుడు పోయిందనీ అన్నయ్య ఫోన్లో చెప్పాడు. సంతోషం. పాదంలో తిమ్మిరి మాత్రం ఇంకొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు కూడా ఉంటుంది. నలిగిన నరం తేరుకోవద్దూ? దానికి టెన్షన్ పడకు.

30 ఏళ్లు వార్డుల్లో నర్సుగా చేశాను, ఆపైన నా నడుమూ కోయించుకున్నాను. అందుకే చెప్తున్నా, ముందు మంచం దిగడం నేర్పించు. చేతులు పట్టి లాగి కూర్చోబెట్టకండి. మోకాళ్లు మడిచి, భుజాలూ తుంటీ కలిసి కదిలేలా దుంగ దొర్లినట్టు పక్కకి తిరగాలి. కాళ్లు కిందికి జార్చి, చేత్తో పరుపుని నొక్కుకుంటూ లేవాలి. కాసేపు అంచునే కూర్చుని, తల తిరగడం లేదనుకున్నాకే నిలబడాలి. పక్కకి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టు.

ఇంట్లోనే 5 నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదుసార్లు నడిపించు, మెల్లగా పెంచు. కూర్చోవడం ఒక్కసారికి అరగంట దాటనివ్వకు. నేల మీద అసలు వద్దు. నొప్పి మాత్రలకి మలబద్ధకం వస్తుంది, ముక్కితే నడుం పోటెత్తుతుంది. నీళ్లు, ఆకుకూర, బొప్పాయి పెట్టు. చాలకపోతే డాక్టర్ని మందు అడుగు. పప్పు తింటే చీము పడుతుందని మీ నానమ్మ అంటుంది. మా అమ్మే అయినా ఈ ఒక్క మాట వినకు. గాయం మానాలంటే పప్పూ గుడ్డూ తినాల్సిందే.

నాకు అసలు భయం మూడో వారం గురించి. అప్పటికి నా నొప్పి పూర్తిగా పోయింది. బాత్రూంలో సగం నిండిన బకెట్ అడ్డంగా ఉందని వంగి పక్కకి జరిపాను. మళ్లీ పది రోజులు మంచమే. నర్సునై ఉండి! డాక్టర్ సరే అనేదాకా వంగడం, నడుం మెలితిప్పడం, రెండు మూడు కిలోలకి మించి ఎత్తడం వద్దు. చీపురు, ముగ్గుగిన్నె కనబడితే వదిన ఆగదు, దాచెయ్. దేవుడి దీపాన్ని బల్ల మీదకి మార్చు.

కుట్లు తీసేదాకా, అంటే 10 నుంచి 14 రోజులు, గాయం తడవకూడదు. అక్కడ ఎర్రబడినా, నీళ్లలా కారినా, జ్వరమొచ్చినా, పిక్క వాచినా అదే రోజు డాక్టర్‌కి ఫోన్ చెయ్. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, పాదం పైకి లేవకపోయినా అర్ధరాత్రయినా సరే ఆస్పత్రికి తీసుకెళ్లు.

ఆదివారం వస్తున్నా. ఈలోపు బాత్రూంలో బకెట్‌ని స్టూలు మీదకి ఎక్కించు.

మీ అత్త