కేసు ఉన్నా సరే, ముందు ఫాఫ్సా నింపించండి

"మా అబ్బాయికి గంజాయి కేసులో శిక్ష పడింది. అమెరికాలో ఇక కాలేజీకి ఫెడరల్ ఎయిడ్ రాదంటున్నారు, నిజమేనా?" అని ఒకరు అడిగారు. ఒకప్పుడు నిజమే, ఇప్పుడు కాదు. ఫెడరల్ ఎయిడ్ అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వం చదువుకిచ్చే గ్రాంట్లూ లోన్లూ, దానికోసం నింపే ఫారమే ఫాఫ్సా. ఆ ఒకప్పుడు మా ఇంట్లోనే జరిగింది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

2019 మార్చి. డాలస్ దగ్గర మా అక్కావాళ్ల అపార్ట్‌మెంట్. మేనల్లుడు కమ్యూనిటీ కాలేజీలో మొదటి ఏడాది, తిరిగి కట్టక్కర్లేని పెల్ గ్రాంట్ మీద చదువుతున్నాడు. అమెరికాలో తెలుగువాళ్లంటే అందరూ సాఫ్ట్‌వేరే అనుకుంటారు. మా బావది గ్యాస్ స్టేషన్‌లో నైట్ షిఫ్ట్, అక్క గ్రోసరీ షాపులో క్యాషియర్. అంతకు నెల ముందే, కారులో దొరికిన చిన్న గంజాయి పొట్లం కేసులో వాడు కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని ఆ వచ్చే ఏడాదికి ఫాఫ్సా నింపుతున్నాం. గబగబా నింపుకుంటూ వెళ్తున్నవాడు 23వ ప్రశ్న దగ్గర ఆగిపోయాడు. ఫెడరల్ ఎయిడ్ తీసుకుంటున్న రోజుల్లో డ్రగ్స్ దగ్గర ఉంచుకున్నందుకో అమ్మినందుకో శిక్ష పడిందా అని అడుగుతోంది. టచ్‌ప్యాడ్ మీద వేలు పెడతాడు, తీస్తాడు, మళ్లీ పెడతాడు. అక్క వంటింట్లో పప్పుకి తాలింపు వేస్తూ అక్కణ్ణుంచే "లేదు అని కొట్టెయ్యరా, ఎవడు చూడొచ్చాడు" అంది. వాడు నా వైపు తిరిగి "ఏం కొట్టమంటావు మామయ్యా?" అన్నాడు. "అబద్ధం రాస్తే ఇంకో కేసవుతుంది, ఉన్నదే రాయి" అన్నాను. "అవును" నొక్కాడు. తాలింపు మాడిన వాసన ఇల్లంతా వస్తున్నా అక్క స్టవ్ కట్టలేదు.

దగ్గర ఉంచుకున్న కేసు మొదటిసారైతే, శిక్ష పడ్డ తేదీ నుంచి ఏడాదిపాటు గ్రాంటూ లేదు, లోనూ లేదు. 1998లో తెచ్చిన చట్టం అది. దొంగతనం చేసినవాడికీ, కొట్లాటలో తల పగలగొట్టినవాడికీ ఫారంలో అలాంటి ప్రశ్నే లేదు, డ్రగ్స్ వాడికే. ఇంత అన్యాయమైన రూల్ నేను ఇంకోటి చూడలేదు. చెప్పకుండా పెట్టే డ్రగ్ టెస్టులు రెండు పాసయ్యే రీహాబ్ ప్రోగ్రాం చేస్తే ఎయిడ్ ముందే తిరిగొస్తుందన్నారు. లాయరుకే అప్పు చేసినవాళ్లం, దానికి డబ్బులెక్కడివి? ఏడాదే కదా అనుకున్నాం. కానీ ఒకసారి బావ పక్కన కౌంటర్‌లో నిలబడ్డాక వాడు కాలేజీ మాటే ఎత్తలేదు.

2020 డిసెంబర్‌లో చట్టం మారింది. 2021-22 నుంచి ఆ జవాబుతో ఎయిడ్ ఆగడం లేదు. 2023-24 ఫారంలోనైతే ఆ ప్రశ్నే తీసేశారు. ఈ ముక్క మాకు ఒక్కరూ చెప్పలేదు. 2023లో వాడే కాలేజీకి వెళ్లి, ఎయిడ్ ఆఫీసు కిటికీ దగ్గర బెదురుతూ అడిగితే, "ఆ ప్రశ్న ఇప్పుడు లేదు, ఫారం నింపు" అందట అక్కడున్నావిడ. మధ్యలో మానేసిన క్లాసుల వల్ల ఒక అప్పీల్ లెటర్ రాయాల్సి వచ్చింది, అంతే. ఇప్పుడు అకౌంటింగ్ చదువుతున్నాడు.

నాకు బాధంతా ఆ మధ్యలో పోయిన రెండేళ్ల గురించే. ఎందుకు తెలియలేదంటే, మేం ఎవరినీ అడగలేదు. "వాడు ఇండియా వెళ్లాడు" అని అక్క బర్త్‌డే పార్టీల్లో అందరికీ చెప్పేది. వాడేమో రెండు మైళ్ల దూరంలో గ్యాస్ స్టేషన్‌లో ఉండేవాడు. మనవాళ్లలో ఇలాంటి పిల్లలున్న ఇళ్లు చాలా ఉన్నాయి, అన్నీ ఇలాగే దాస్తున్నాయి. పాత రూల్ మాత్రం వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతోంది. ఫారం నింపిపెడతామని డబ్బులు అడిగేవాళ్లూ ఉన్నారు. పైసా ఇవ్వకండి, ఆ ఫారం ఉచితం.

ఇక జాగ్రత్తలు. రాష్ట్రాల గ్రాంట్లకూ, కాలేజీల సొంత స్కాలర్‌షిప్పులకూ వేరే రూల్సు ఉంటాయి. జార్జియాలో రాష్ట్రం ఇచ్చే హోప్ స్కాలర్‌షిప్ లాంటివాటికి డ్రగ్ ఫెలనీ (పెద్ద నేరం కింద లెక్కేసే కేసు) కొంతకాలం అడ్డు కావచ్చు. టెక్సస్‌లో టీహెచ్‌సీ (గంజాయిలో మత్తెక్కించే పదార్థం) ఉన్న వేప్ పెన్, అంటే ఈ-సిగరెట్, దొరికితే గ్రాము లోపే అయినా ఫెలనీ కేసు పెట్టొచ్చు, పిల్లలకు ఇది ముందే చెప్పండి. డ్రగ్ ఫెలనీ ఉంటే ట్యాక్సులో 2,500 డాలర్ల దాకా వచ్చే ఆపర్చునిటీ క్రెడిట్ అనే చదువు ఖర్చుల రాయితీ కూడా రాదు. మీ అబ్బాయి సిటిజన్ కాకపోతే మాత్రం కాలేజీ డబ్బు సంగతి తర్వాత, ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ని కలవండి. గ్రీన్‌కార్డ్ ఉన్నా డ్రగ్ కేసుతో దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉంది.

సిటిజనే అయితే ఈ రాత్రికే ఫారం తెరవండి. ఆ ఫారం సైట్‌లో మీ అబ్బాయికీ మీకూ చెరో అకౌంటు కావాలి. వాడి చేతే నింపించండి, మీరు పక్కన కూర్చోండి.