ఐడియా చెప్పిన అమ్మాయికి తిట్లెందుకు పడ్డాయి?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ చదివి, విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండేళ్లుగా స్టాఫ్ నర్సుగా చేస్తోంది. వాళ్ల వార్డులో సెలైన్ కోసం నరంలోకి పెట్టిన సన్న గొట్టం, అంటే కాన్యులా, ఏ రోజు పెట్టారో రాసి ఉండదట. చేయి వాచి పేషెంటు అరిస్తేగానీ ఎవరూ చూడరట. ప్రతి కాన్యులా మీదా తేదీ, టైము రాసిన స్టిక్కర్ అంటిద్దామని రౌండ్స్‌లో పెద్ద డాక్టరుగారితో చెప్పింది. ఆయన సరే అన్నారు. సాయంత్రం ఇన్‌ఛార్జి సిస్టర్ పిలిచి చీవాట్లు పెట్టారు. అప్పట్నుంచి నైట్ డ్యూటీలే ఎక్కువగా పడుతున్నాయి. నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. నోరు మూసుకుని పని చేసుకోమని చెప్పాను. తనేమో వేరే ఆసుపత్రికి మారిపోతానంటోంది. ఏం చెప్పమంటారు?

జవాబు: మాస్టారూ, నోరు మూసుకోమని మాత్రం చెప్పకండి. రెండేళ్ల సర్వీసులో ఇలాంటిది గమనించిన పిల్ల రేపు మంచి ఇన్‌ఛార్జి అవుతుంది. ఐడియాలో తప్పులేదు. చెప్పిన చోటే బాగాలేదు.

మీకు తెలిసిన సంగతితోనే చెబుతాను. డీఈఓగారు తనిఖీకి వచ్చారు. కొత్తగా చేరిన టీచరు లేచి, ‘మన స్కూల్లో నోటు పుస్తకాలు దిద్దడం లేదండీ’ అన్నాడు. అప్పుడు హెడ్మాస్టారి ముఖం ఎలా ఉంటుంది? రౌండ్స్‌లో జరిగింది అచ్చంగా అదే. డాక్టరుగారికి అది సలహాగా వినిపించింది. ఇన్‌ఛార్జి సిస్టర్‌కు ‘నీ వార్డులో పని సరిగ్గా జరగడం లేదు’ అని వినిపించింది. మంచం పక్కన నిలబడ్డ పేషెంటు తాలూకు వాళ్లకు ఎలా వినిపించి ఉంటుందో చెప్పక్కర్లేదు. ఆ కోపానికి నైట్ డ్యూటీలు వేశారో, మామూలుగానే రోస్టర్‌లో పడ్డాయో నేను చెప్పలేను. ఆవిడ స్థానంలో నేనున్నా చిన్నబుచ్చుకునేవాణ్ణి.

కాబట్టి మొదట వినాల్సింది ఆ సిస్టరే. అయితే ఉత్త చేతులతో వెళ్లకూడదు. ఇక్కడ మీ సబ్జెక్టు పనికొస్తుంది.

‘చాలామందికి చేతులు వాస్తున్నాయి’ అంటే అది అభిప్రాయం. ‘ఎక్కడ, ఎవరికి?’ అని ఒక్క మాట ఎదురడిగితే నిలబడదు. రెండు వారాలపాటు తన డ్యూటీలో తనకు అప్పగించిన మంచాల వరకే లెక్క రాసుకోమనండి. కాన్యులాలు ఎన్ని ఉన్నాయి, వాటిలో తేదీ ఉన్నవెన్ని, ఎరుపు, నొప్పి, వాపు కనిపించినవెన్ని. అంతే, మూడు గడులు చాలు. ‘వాపు’ అన్నది ఒకరి కంటికి ఒకలా, మరొకరి కంటికి ఇంకోలా కనిపించకుండా విప్ స్కోరు అని ఒకటుంది. సున్నా నుంచి అయిదు దాకా ఉంటుంది. రెండుకు వచ్చిందంటే ఆ కాన్యులా తీసేయాలి. నర్సింగ్ చదివినవాళ్లకు తెలిసిందే, వార్డులో పడ్డాక మర్చిపోతారు. లెక్క ఆ స్కోరుతో రాస్తే దాన్ని తోసిపుచ్చడం కష్టం. అన్నట్టు, నైట్ డ్యూటీలో రౌండ్స్ హడావుడి, విజిటర్ల తాకిడి ఉండవు. లెక్క రాసుకోవడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు.

ఇంకో పని కూడా ముందే చేయాలి. కాన్యులా గురించి వాళ్ల ఆసుపత్రి రూల్ ఏం చెబుతోందో చదవాలి. కొన్ని ఆసుపత్రుల్లో 72 నుంచి 96 గంటలకోసారి మార్చాలని ఉంటుంది. మరికొన్ని చోట్ల ఇబ్బంది కనిపిస్తేనే మారుస్తారు. ‘మూడు రోజులకు మార్చి తీరాలి’ అని తను పట్టుబడితే, ఆ పద్ధతి పాతబడిందని ఏ డాక్టరో ఒక్క మాటతో కొట్టిపారేస్తారు. అసలు విషయం అక్కడే ఆగిపోతుంది. పద్ధతి ఏదైనా పెట్టిన తేదీ తెలియాలి, ప్రతి షిఫ్టులో ఒకసారి చూడాలి. తన వాదన అక్కడికే పరిమితం కావాలి.

లెక్క చేతిలో ఉంటే చాలదని చెప్పడానికి ఒక పాత సంగతి ఉంది. 1847లో వియన్నా జనరల్ ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు, శవాలను కోసి నేరుగా కాన్పుల వార్డుకు వచ్చే డాక్టర్లు, విద్యార్థులు క్లోరిన్ నీళ్లతో చేతులు కడుక్కోవాలన్నాడు. ఏప్రిల్‌లో నూటికి 18 మంది బాలింతలు చనిపోయిన వార్డులో జూన్‌కల్లా అది దాదాపు రెండుకు దిగింది. అంత బలమైన లెక్కను కూడా పెద్ద డాక్టర్లు చాలామంది ఒప్పుకోలేదు. క్రిముల సంగతి ఇంకా తేలని రోజులవి, అదొక కారణం. ఆయన పూర్తి వివరాలతో పుస్తకం వేసింది 1861లో. ఆ తర్వాత ఒప్పుకోనివాళ్లను హంతకులంటూ బహిరంగ లేఖలు రాశాడు. హంతకుడని పిలిపించుకున్నవాడు ఆ లేఖలోని లెక్కలు చూస్తాడా?

అదే కాలంలో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఇంకో దారి పట్టింది. క్రిమియా యుద్ధంలో గాయాలతో కన్నా, నివారించగల జబ్బులతోనే ఎక్కువమంది సైనికులు పోయారని 1858లో రంగుల బొమ్మ గీసి చూపించింది. జబ్బులకు నీలం, గాయాలకు ఎరుపు. పట్టికలు చదివే ఓపిక లేని పెద్దమనుషులకు కూడా నీలం ఎంత మేర పరుచుకుందో చూడగానే అర్థమైంది. మీ అమ్మాయి వృత్తికి పెద్దదిక్కు ఆవిడే కదా. రెండు వారాల లెక్కను అలా ఒక చిన్న బొమ్మగా గీసుకుంటే చాలు. పవర్‌పాయింట్ వద్దు.

ఆ బొమ్మతో పాటు ఒక పేజీ. అది ఎలా రాయాలో తనకు తెలుసు, ఎస్‌బార్ అనే పద్ధతి కాలేజీలో చెప్పే ఉంటారు. అమెరికా జలాంతర్గాముల్లో మొదలై ఆసుపత్రులకు వచ్చిన పద్ధతది. ఇప్పుడు పరిస్థితి ఏమిటి, దాని వెనక కథేమిటి, నాకేమనిపిస్తోంది, ఏం చేద్దాం. డాక్టరుకు రాత్రిపూట ఫోన్ చేయడానికి నేర్పినదే ఐడియా చెప్పడానికీ సరిపోతుంది. మన పిల్లలు మొదటి మూడూ బాగానే చెబుతారు. నాలుగోదాని దగ్గరికొచ్చేసరికి ‘మీరెలా చెబితే అలా, మేడమ్’ అని ఆగిపోతారు. వినయమే, కాదనను. కానీ అవతలి మనిషికి పని మిగిల్చినట్టవుతుంది. ఆ నాలుగో మాట తనే చెప్పాలి, అదీ చిన్నదిగా: ఆరు మంచాలు, రెండు వారాలు, తర్వాత మళ్లీ లెక్క.

ఖర్చు సంగతి అడుగుతారు. ఒకసారి స్టోర్స్‌లో చూడమనండి. కాన్యులా మీద వేసే పారదర్శక డ్రెస్సింగ్ ప్యాకెట్లు చాలావాటిలో తేదీ రాయడానికి చిన్న చీటీ లోపలే ఉంటుంది. హడావుడిలో దాన్ని ప్యాకెట్‌తో పాటు డస్ట్‌బిన్‌లో పడేస్తారు. వాళ్ల ఆసుపత్రిలోనూ అదే రకం వాడుతుంటే కొత్తగా కొనేదేమీ లేదు, పారేసేదాన్ని అంటించడమే. అలాంటి అడుగుకు అడ్డు చెప్పడం కష్టం.

మాట ఎలా మొదలుపెట్టాలన్నది తన ఇష్టం. నేనైతే ఇలా అంటాను: ‘సిస్టర్, ఆ రోజు రౌండ్స్‌లో మీతో చెప్పకుండా సార్‌తో అన్నాను, అలా అనకుండా ఉండాల్సింది. నా మంచాల వరకు రెండు వారాలు చూశాను. ఈ కాగితం ఒకసారి చూస్తారా? మీరు సరేనంటే ఆరు మంచాలకు నేనే మొదలుపెడతాను.’ షిఫ్టు మారే వేళ వద్దు. హ్యాండోవర్ అయిపోయి, టీ తాగే టైము చూసుకోవాలి.

సిస్టర్ వినకపోతే? నెల ఆగి, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సును కలవొచ్చు. ఆసుపత్రుల నాణ్యతను చూసి ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు ఉన్న ఆసుపత్రైతే ఇలాంటి లెక్కలు చూపించాల్సిన అవసరం వాళ్లకే ఉంటుంది. అయితే సిస్టర్‌కు చెప్పే వెళ్లాలి.

ఒకవేళ సిస్టర్ ఆ కాగితాన్ని తన పేరుతో మీటింగ్‌లో పెడితే? పెడతారనే నా అనుమానం. ఈ మొదటిసారికి పెట్టనివ్వండి. ఆవిడ తన పేరు పెట్టుకుంటే ఆ పని ఆగదు. తేదీ వేసిన కాపీ ఒకటి మీ అమ్మాయి దగ్గర ఉంచుకుంటే చాలు.

ఉద్యోగం మారే మాట అప్పటిదాకా పక్కన పెట్టమనండి. కొత్త చోట కూడా ఒక ఇన్‌ఛార్జి సిస్టర్ ఉంటారు. రేపు క్వాలిటీ విభాగానికో, ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సు పోస్టుకో వెళ్లాలన్నా, విదేశీ ఇంటర్వ్యూకు కూర్చున్నా, ‘మీ వార్డులో మీరు ఏం మెరుగుపరిచారు?’ అని అడగొచ్చు. ఆరు మంచాల లెక్క అప్పుడు జవాబుగా అక్కరకొస్తుంది.

కాగితం సిద్ధమయ్యాక కావాలంటే నాకూ ఒకటి పంపమనండి, చూసి చెబుతాను. పేషెంట్ల పేర్లు, ఐపీ నంబర్లు అందులో ఉండకూడదు. వాచిన చేతుల ఫొటోలు ఫోన్‌లో అసలే తీయొద్దని చెప్పండి.