వాన నీళ్లకు టీవీ పోతే లోన్ యాప్ ఎందుకు తెరిచారు?

ఈ వారం ఒక్క ఉత్తరానికే జవాబు రాస్తున్నాను. చెన్నైలో స్థిరపడిన మనవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇందులో ఉంది.

ఉత్తరం క్లుప్తంగా: "సార్, మాది నెల్లూరు. ఉండేది వేళచ్చేరిలో, రెండో అంతస్తులో అద్దెకి. మేడ మీద డిష్ నుంచి కేబుల్ కిటికీలోంచి హాల్లోకి వస్తుంది. పోయిన వారం రెండు రోజులు ఆగకుండా వాన పడితే ఆ కేబుల్ వెంట నీళ్లు దిగి సెట్‌టాప్ బాక్సు, సౌండ్‌బార్, ఐదేళ్ల నాటి 43 అంగుళాల టీవీ మూడూ పోయాయి. రిపేరుకి సర్వీస్ సెంటర్లో 19,000 చెప్పారు. అమ్మానాన్న ఊరి నుంచి వస్తున్నారు, టీవీ లేకపోతే వాళ్లకి పొద్దు పోదు. యాప్‌లో నెలకు 3 శాతం వడ్డీకి 30,000 లోన్ తీసుకున్నాను. ప్రాసెసింగ్ ఫీజు పోను చేతికి 28,230 వచ్చింది, నెలకు 5,538 చొప్పున ఆరు నెలలు కట్టాలి. కొత్త టీవీ 52,000. మిగతాది కార్డు మీద ఈఎంఐ పెట్టమంటారా, లక్ష రూపాయల చీటీ పాడమంటారా? జీతం చేతికి 58,000, అద్దెతో కలిపి ఖర్చులు 42,000, ఇరవై నెలల చీటీకి 5,000, అందులో తొమ్మిది నెలలు కట్టాను. సేవింగ్స్‌లో 11,000 ఉంది. ఓనరు దగ్గర లక్ష అడ్వాన్సు ఉంది. ఇంటి సామానుకి ఇన్సూరెన్స్ తీసుకుంటే మంచిదా?"

మీ ప్రశ్నకు జవాబు: రెండూ వద్దు. ఆ 52,000 టీవీ ఇప్పుడు వద్దు. యాప్ డబ్బు ఇంకా అకౌంట్లోనే ఉంటే ఇవాళే వెనక్కి కట్టేయండి.

ఆ లోన్ లెక్క ఒకసారి కాగితం మీద పెట్టుకున్నారా? నెలకు 3 శాతం వడ్డీ అన్నారు కాబట్టి చిన్నదే అనిపించి ఉంటుంది. మీకు అందింది 28,230, మీరు కట్టేది 33,228. ఆరు నెలలకు దాదాపు 5,000 పోతుంది, అదీ ప్రతి నెలా అసలు తగ్గుతూ ఉండగానే. ప్రాసెసింగ్ ఫీజు కూడా కలిపి చూస్తే ఏడాదికి 58 శాతం చుట్టూ పడుతుంది. లోన్ ఇచ్చే ముందు కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అని ఒక కాగితం చూపించాలి, అందులో ఏపీఆర్ అని, అంటే ఫీజులతో కలిపి ఏడాదికి పడే అసలు వడ్డీ శాతం, రాసి ఉంటుంది. అది చదవకుండా కింద బటన్ నొక్కేవాళ్లని రోజూ చూస్తున్నాను, నిజంగా బాధేస్తుంది. తీసుకున్న లోన్ జరిమానా లేకుండా వెనక్కిచ్చేసే కూలింగ్ ఆఫ్ గడువు కనీసం ఒక్క రోజైనా ఉండాలని రిజర్వు బ్యాంకు నిబంధన కూడా ఉంది. అది మీకు దాటిపోయి ఉంటుంది కాబట్టి ఇప్పుడు ముందస్తుగా కట్టేయడానికి ఎంత అడుగుతారో అదే కాగితంలో చూడండి. కొంచెం ఛార్జీ పడినా కట్టేయడమే నయం.

అసలు విషయం టీవీ కాదు. మీ లెక్క ప్రకారం జీతంలోంచి ఖర్చులు, చీటీ పోను నెలకు 11,000 మిగలాలి. సేవింగ్స్‌లో ఉన్నది కూడా 11,000. అంటే ఇన్నేళ్ల ఉద్యోగంలో మీ దగ్గర నిలిచింది ఒక్క నెల మిగులు. టీవీ లేకపోతే ఇల్లు ఆగదు, కానీ వస్తున్న నాన్నగారికి అర్ధరాత్రి గుండెలో నొప్పి వచ్చి ఆస్పత్రిలో ముందు 50,000 కట్టమంటే ఏం చేస్తారు? అప్పుడు కూడా యాప్ తెరుస్తారా? ఇప్పటికే ఒక ఈఎంఐ నడుస్తుంటే ఆ యాప్ కూడా ఇవ్వకపోవచ్చు. మీ కంపెనీ హెల్త్ పాలసీలో అమ్మానాన్న ఉన్నారో లేదో కూడా మీరు రాయలేదు, అది ఈ రోజే చూడండి.

"కార్డు ఉంది, చీటీ ఉంది, అడ్వాన్సు ఉంది" అనే ధైర్యంతోనే చాలామంది అత్యవసర నిధి పెట్టుకోరు. ఓనరు దగ్గరున్న లక్ష మీదే, కానీ ఇల్లు ఖాళీ చేసేదాకా అది చేతికి రాదు. కార్డు లిమిట్ అసలు మీ డబ్బే కాదు. కనీస మొత్తం కట్టి మిగతాది వదిలేస్తే చాలా కార్డుల మీద నెలకు మూడున్నర శాతం, ఆ పైన కూడా వడ్డీ, దాని మీద మళ్లీ 18 శాతం జీఎస్టీ. చీటీ సంగతి అయితే, పాట రోజు వచ్చేదాకా ఆగాలి, మీకంటే అవసరం ఎక్కువున్నవాళ్లు ఎంతకైనా పాడేస్తారు, పాట మీకే వచ్చినా జామీను పెట్టేదాకా డబ్బు చేతికివ్వరు. లక్ష చీటీని 80,000కి పాడితే 20,000 టీవీ కోసం వదులుకున్నట్టే, డివిడెండు రూపంలో కొంచెం వెనక్కి వచ్చినా సరే. ఇరవై నెలల చీటీలో తొమ్మిది నెలలు కట్టారు కదా, పాడకుండా చివరిదాకా ఉంచండి.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. 28,230కి మీ సేవింగ్స్‌లోంచి రెండు వేల చిల్లర కలిపి లోన్ తీర్చేయండి. ఎనిమిది వేల పైచిలుకు మిగులుతుంది. నెలకు 5,538 కట్టగలనని మీరే ఒప్పుకుని సంతకం పెట్టారు కదా, ఆ ఆరు నెలలూ అదే మొత్తం జీతం పడిన మర్నాడే వేరే బ్యాంకు అకౌంట్లోకి వేసుకోండి. జీతం అకౌంట్లో ఉంచితే మాత్రం ఖర్చైపోతుంది. ఆరు నెలలు తిరిగేసరికి 41,000 దాకా అవుతుంది, దాదాపు మీ ఒక నెల ఖర్చు. అక్కడ ఆగకండి, మూడు నెలల ఖర్చు 1,26,000 చేరాలి, ఆ తర్వాత ఆరు నెలలది. చీటీ పూర్తయి చేతికొచ్చే డబ్బు నేరుగా ఇందులోకే పోవాలి, బంగారానికీ బండికీ కాదు. ఈ డబ్బు సేవింగ్స్‌లో కొంత, ఎఫ్‌డీలో కొంత ఉంటే చాలు. షేర్లలో పెట్టొద్దు.

టీవీ గురించి కూడా రెండు మాటలు. 19,000 పెట్టి ఐదేళ్ల టీవీ బాగుచేయించకండి, కానీ పారేయకండి కూడా. పూర్తిగా ఆరకుండా ప్లగ్గు పెట్టి చూడొద్దు. రిచీ స్ట్రీట్ ఎలక్ట్రానిక్స్ బజారులో విడిగా రిపేరు చేసే మెకానిక్ ఎవరైనా విప్పి చూస్తే లోపల పోయింది ఒక్క బోర్డేనేమో తెలుస్తుంది, ప్యానెల్ బాగుంటే ఖర్చు బాగా తగ్గొచ్చు. అదీ కాదంటే అమ్మానాన్న కోసం చిన్న సెకండ్‌హ్యాండ్ టీవీ నెల మిగులులోంచే కొనండి.

ముందు ఆ కేబుల్ మార్పించండి, లేకపోతే కొత్త టీవీకీ ఇదే గతి. ఎండకు కేబుల్ పై తొడుగు పగులుతుంది, డిష్ దగ్గర కనెక్టర్ మీద చుట్టిన మామూలు టేపు ఊడిపోతుంది, వత్తి నూనె పీల్చినట్టు లోపలి తీగ అల్లిక నీళ్లు పీల్చుకుని నేరుగా బాక్సు దాకా తెస్తుంది. బయటి తొడుగు మీదుగా జారే నీళ్లు ఇంట్లోకి రాకుండా, కిటికీ దగ్గరికి వచ్చే ముందు కేబుల్ కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా పెట్టాలి, నీళ్లు ఆ వంపు దగ్గరే బొట్లు బొట్లుగా కారిపోతాయి. బయట కనెక్టర్‌కి వాటర్‌ప్రూఫ్ టేపు వేయమనండి. కొన్ని వందల పని ఇది. డిసెంబరు దాకా మనకి వానలే కాబట్టి ఈ ఆదివారమే చేయించండి.

ఇన్సూరెన్స్ సంగతి: భారత్ గృహ రక్ష పాలసీ అద్దెకున్నవాళ్లు కూడా సామాను వరకే తీసుకోవచ్చు. వేళచ్చేరిలో వరద నీళ్లు కొత్త కాదు, మీరు రెండో అంతస్తులో ఉన్నా ఆలోచించదగ్గదే. కానీ కేబుల్ వెంట నీళ్లు దిగి టీవీ లోపల షార్ట్ అయితే దానికి డబ్బు వస్తుందని ఆశ పెట్టుకోకండి, ఎలక్ట్రానిక్ వస్తువు తనలో తాను షార్ట్ అయి పాడైతే ఆ వస్తువుకి ఇందులో కవర్ లేదు. ఇలాంటి చిన్న నష్టాలకే మీ నిధి కావాలి.

లోన్ తీర్చాక ముగిసినట్టు లెటర్ తీసుకోండి, నెలనెలా అకౌంట్లోంచి కోసుకోమని మీరిచ్చిన ఆటో డెబిట్ మ్యాండేట్ రద్దైందో లేదో బ్యాంకు యాప్‌లో చూసుకోండి, నెలన్నర తర్వాత మీ అప్పుల చరిత్ర చూపించే సిబిల్ రిపోర్టులో ఆ లోన్ క్లోజ్డ్ అని వచ్చిందో లేదో తప్పకుండా సరిచూసుకోండి.