జిల్లాల జనాభా మ్యాప్ గజిబిజిగా వస్తుంటే ఇలా చేయండి

తెలంగాణ 33 జిల్లాల జనాభా మ్యాప్‌ని మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజిఐఎస్‌లో చేస్తే ఇంద్రధనుస్సులా వచ్చిందన్నారు కదా, రంగుల సంగతి తర్వాత చూద్దామండి, అసలు తేడా ఎక్కడుందంటే మీరు మొత్తం జనాభానే రంగుల్లో పెట్టారు. అలా పెడితే విస్తీర్ణం పెద్దగా ఉన్న జిల్లాలే కళ్ళకి కనిపిస్తాయి, 2011 లెక్కల్లోనే 217 చదరపు కిలోమీటర్లలో 39 లక్షల మంది ఉన్న హైదరాబాద్ మాత్రం చుక్కలా మిగిలిపోద్ది. జనాభాని విస్తీర్ణంతో భాగించి సాంద్రత, అంటే చదరపు కిలోమీటరుకి ఎంతమందో, అది వేయండి. సింబాలజీలో (రంగులు, గుర్తులు ఎంచుకునే చోట) గ్రాడ్యుయేటెడ్ (విలువని బట్టి రంగు మారే పద్ధతి) పెట్టి వాల్యూ దగ్గర ఆ భాగహారమే రాసేయొచ్చు, కొత్త కాలమ్ అక్కర్లేదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. హైదరాబాద్ సాంద్రత 18 వేలు దాటింది కాబట్టి 5 క్లాసులతో (రంగు గుంపులతో) ఈక్వల్ ఇంటర్వల్ (అంకెల్ని సమాన ముక్కలుగా విడగొట్టే పద్ధతి) పెడితే మిగతా 32 జిల్లాలూ ఒకే రంగులో పడిపోతాయి. క్వాంటైల్ (ఒక్కో గుంపులో దాదాపు సమానంగా జిల్లాలు వచ్చే పద్ధతి) పెట్టి, ఆ హద్దుల్ని 200, 300 లాంటి గుండ్రటి అంకెలకి మీరే సర్దుకోండి, చూసేవాళ్ళకి చాలా హాయిగా ఉంటది.

రంగులకి కలర్‌బ్రూవర్ ర్యాంప్ (మ్యాపుల కోసం సిద్ధంగా ఉంచిన రంగుల వరస) క్యూజిఐఎస్‌లోనే ఉంది, లేత పసుపు నుంచి ముదురు ఎరుపు తీసుకోండి, ముదురు అంటే ఎక్కువ అని ఎవరికీ చెప్పక్కర్లేదు. సరిహద్దు గీతలు సన్నగా తెల్లగా పెట్టండి. తెలుగు లేబుల్స్‌కి తెల్ల బఫర్ (అక్షరాల చుట్టూ అంచు) ఇచ్చి సైజు కాస్త పెంచండి, చిన్న సైజులో ఒత్తులు అస్సలు కనపడవు. ప్రాజెక్షన్ (గుండ్రటి భూమిని చదునుగా పరిచే పద్ధతి) EPSG కోడ్ 4326లో ఉంటే రాష్ట్రం అడ్డంగా కొంచెం సాగుతుంది, 32644కి మార్చేయండి.